గుండెదడకు నీళ్ల ఈల

పదవీ విరమణ సభలో అందరూ నా చెయ్యి తేలికని పొగిడారు. సుగుణ సిస్టరు సూది వేస్తే దోమ కుట్టినంత కూడా తెలియదన్నారు. సంతోషపడ్డాను, శాలువా కప్పించుకున్నాను, లడ్డు తిన్నాను. కానీ తెలంగాణ వచ్చాక నేను క్యాజువాలిటీలో గడిపిన ఏళ్లలో నా చేతికి ఎక్కువ పని పెట్టింది సూది కాదు. "నా పానం పోతాంది" అంటూ వచ్చి, పానం పోకుండానే ఇంటికి వెళ్లిన మనుషులు. గుండె దడదడలాడుతూ, చేతులు వంకర్లు పోతూ, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుందంటూ, కడుపులో దేవుతోందంటూ, ఊపిరి ఆడక వచ్చేవాళ్లు. పరీక్షలన్నీ బాగుండేవి. మనిషి మాత్రం బాగుండేవాడు కాదు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఎప్పుడైనా ఇంటికి వచ్చి ఇంజెక్షన్ల గురించి, డ్యూటీల గురించి అడుగుతుంటారు. ఇంజెక్షన్లు మీకు నాకంటే బాగా వచ్చు. డ్యూటీల గొడవ ఎవరికీ తప్పదు. నేను చెప్పదలచుకున్నది వేరు. ఆందోళన ఒంట్లోకి దిగితే ఎలా ఉంటుంది, అప్పుడు మంచం పక్కన నిలబడ్డ మనం ఏం చేయాలి, ఏ మాట అనకూడదు అన్నది. నాది నకిరేకల్ దగ్గర పల్లె. పనిచేసింది ఎక్కువగా పాలమూరు వైపు, శ్రీశైలం రోడ్డు మీది ఒక సర్కారు దవాఖానలో. దాని పేరు రాయను. అక్కడివాళ్లకు ఎలాగూ తెలుస్తుంది.

పిడికిట్లో తాళంచెవి

ఒక మధ్యాహ్నం ఇంటర్ చదివే అమ్మాయిని ఆటోలో తెచ్చారు. పరీక్షల ముందు రోజులు. రెండు చేతుల వేళ్లూ దగ్గరికి ముడుచుకుపోయి, మణికట్లు వంగిపోయి ఉన్నాయి. మూతి చుట్టూ తిమ్మిరి అంటోంది. మేనమామ తన బండి తాళాలు ఒక చేతిలో కుక్కాడు. అవి చాలవనుకున్నారేమో, ఆటో డ్రైవర్ కూడా తన తాళంచెవి ఇచ్చాడు, అది రెండో చేతిలో పెట్టారు. వాళ్ల అవ్వ ఉల్లిగడ్డ కోసం చూస్తోంది. మన దగ్గర ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ పెట్టడం అలవాటు. చేతులు వంకర పోతే చాలు, అందరికీ ఫిట్సే.

ఆ పిల్ల మాత్రం నా మొహం చూసి, "సిస్టర్, నా వేళ్లు ఇడుస్తలేవు" అని స్పష్టంగా చెప్పింది. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్‌లో ఉన్నవాళ్లు ఇలా కళ్లలోకి చూసి మాట్లాడరు. డాక్టర్ చూశాడు, చక్కెర చూశాం, ఆక్సిజన్ చూశాం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పిల్ల ఊపిరి మాత్రం పరుగెత్తి వచ్చినదానిలా ఉంది. భయంతో ఊపిరి వేగంగా తీస్తూ పోతే ఒంట్లోంచి బయటికి పోకూడనంత గాలి పోతుంది, రక్తంలో తూకం మారుతుంది, దాంతో మూతి తిమ్మిరెక్కుతుంది, వేళ్లు ముడుచుకుంటాయి. ముడుచుకున్న వేళ్లను చూసి ఇంకా భయం. భయంతో ఇంకా వేగంగా ఊపిరి. పూర్వం మూతికి కవరు పెట్టి ఊదమనేవాళ్లు, అది ప్రమాదం. మీరు చేయొద్దు, ఎవరైనా చేస్తుంటే లాగేయండి.

నేను చేసిందల్లా చుట్టూ ఉన్నవాళ్లను బయటికి పంపడం. మన జనానికి ప్రేమ ఎక్కువ, గాలి తగలకుండా ప్రేమిస్తారు. పిల్ల ఎదురుగా కూర్చుని, అరికాళ్లు నేల మీద గట్టిగా ఆనించమన్నాను. ఊపిరి తీసుకోవడం గురించి మరిచిపో, బయటికి వదిలేది మాత్రం నాతోపాటు మెల్లగా వదులు అన్నాను. ఇద్దరం వేడి పాలు ఊదుకుంటున్నట్టు ఊదుతూ కూర్చున్నాం. కాసేపటికి వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి. అప్పటిదాకా కదల్లేక గేటు దగ్గరే నిలబడ్డ ఆటో డ్రైవర్ తల లోపలికి పెట్టి, "నా చెవి ఇస్తె పోతనమ్మా, గిరాకీ ఉన్నది" అన్నాడు. పిల్ల నవ్వింది. నవ్విందంటే ఇక మన పని సగం అయినట్టే.

"ఏం లేదు" అనే మాట

మా సూపరింటెండెంటును పెద్దమేడం అనేవాళ్లం. కోపం ముక్కు మీద ఉండేది. ఆమె రౌండ్లకు వస్తోందంటే గోడ మీది బల్లి కూడా అటెన్షన్‌లో ఉండేదని మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. ఛాతీ పట్టుకుని ఎవరు వచ్చినా ముందు ఈసీజీ తీయాలి, అది ఆమె నియమం. వయసు చూడొద్దు, ఏడుపు చూడొద్దు, వెంట వచ్చినవాళ్ల మాట అసలే వినొద్దు.

ఆ నియమం విలువ ఒక టైలరమ్మ వల్ల నాకు బాగా తెలిసింది. కోడలితో మాటామాటా అనుకుని, దవడ లాగుతోందని, చెమటలు పోస్తున్నాయని వచ్చింది. "టెన్షనే మేడం, లొల్లి వెట్టుకుంది" అని కొడుకే చెప్పాడు. ఈసీజీ తీస్తే నిజంగా గుండెపోటు. వెంటనే హైదరాబాదు పంపారు, బతికింది. కోలుకున్నాక వచ్చి, కొలతలు తీసుకోకుండానే పెద్దమేడానికి జాకెట్టు కుట్టి ఇచ్చింది. కుదిరింది కూడా. కాబట్టి పిల్లలూ, టెన్షన్ అనే మాట మీ నోట అన్నిటికంటే చివర రావాలి.

సరే, అన్నీ చూశాం, అన్నీ బాగున్నాయి. అప్పుడేం చెప్పాలి? ఇది నాకు కుర్మన్న వల్ల తెలిసింది.

కుర్మన్నది కల్వకుర్తి అవతల ఒక పల్లె. గొర్రెల కాపరి. ఏటా ఎండలు ముదిరి ఇక్కడ మేత అయిపోగానే, తమ్ముడు జంగయ్యతో కలిసి మందను కొల్లాపూర్ వైపు, కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయేవాడు. వానలు పడ్డాకే తిరిగి రావడం. ఒక ఏడు ఆ దారిలో, పీకేసిన పల్లిచేను గట్టు మీద జంగయ్య ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. బండి వచ్చేలోపే పోయాడు. మరుసటి ఏడు కుర్మన్న మందతో అదే చేను దగ్గరికి చేరగానే అతని ఛాతీ బిగుసుకుంది. ఎడమచెయ్యి జివ్వున లాగింది, కాళ్లలో సత్తువ పోయింది. మందను తోటి కాపరులకు అప్పగించి ఆటోలో మా దగ్గరికి వచ్చాడు.

ఆ రోజు డ్యూటీ డాక్టర్ శ్రీకర్ సారు. చదువు పూర్తయి కొత్తగా వచ్చాడు, మంచి పిల్లవాడు. ఈసీజీ తీయించాడు, రక్తపరీక్ష చేయించాడు, ఆగి మళ్లీ చేయించాడు. చివరికి భుజం తట్టి, "ఏం లేదు కుర్మయ్యా, అంతా నార్మల్" అన్నాడు. ఆయన మంచి వార్తే చెప్పాననుకున్నాడు.

కుర్మన్న మంచం దిగలేదు. "ఏం లేకుంటె నా పానం ఎందుకు గుంజుతాంది సారూ? నేను అవద్దమాడుతున్ననా? నా తమ్ముడు సుత గిట్లనే ఛాతి వట్టుకున్నడు" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒక సీసనన్న ఎక్కియ్యుండ్రి" అని బతిమాలాడు. సెలైన్ సీసా మీద మన జిల్లాల వాళ్లకున్న భక్తి గురించి వేరే చెప్పక్కర్లేదు. సీసా వేలాడితేనే వైద్యం జరిగినట్టు.

పక్క మంచం దగ్గరున్న పెద్దమేడం ఇదంతా విన్నది. శ్రీకర్ సారును పిలిచి, అందరికీ వినబడేలాగే అన్నది: "కాయితంల ఏం లేదు శ్రీకర్. మనిషిల ఉన్నది. ఏమున్నదో ఆయనకు చెప్పు."

ఈ ఉద్యోగంలో నేను విన్న మాటల్లో ఇంత పనికొచ్చిన మాట ఇంకోటి లేదు. శ్రీకర్ సారు చెవులు ఎర్రబడ్డాయి, కానీ అలగలేదు. స్టూలు లాక్కుని కూర్చుని మళ్లీ మొదలుపెట్టాడు. గుండె గట్టిగా ఉందని, ఒళ్లు మాత్రం భయపడిందని, ఆ భయం నాటకం కాదని, నొప్పి నిజమైన నొప్పేనని చెప్పాడు. కుర్మన్న అర్థం కానట్టు నా వైపు చూశాడు. నేను అడిగాను: "కుర్మన్నా, తోడేలు రాకున్నా ఒక్కోసారి మంద బెదిరి లేస్తది గదా?"

"ఆఁ, లేస్తది. ఎండిన ఆకు గాలికి లేసినా ఉరుకుతయి."

"ఉరికిన గొర్రెకు ఆయాసం నిజంగనే వస్తది గదా? తోడేలు లేదని ఆ ఆయాసం అవద్దమా?"

కుర్మన్న "అవద్దం గాదు" అన్నాడు. అప్పుడు మంచం దిగాడు.

లెక్కపెట్టమన్నాను

అర్థమైనంత మాత్రాన దడ పోదు. మందను తోటి కాపరులు ఎలాగో తిప్పి తీసుకొచ్చారు గానీ, కుర్మన్నకు ఇప్పుడు ఇంటి దగ్గర కూడా దడ మొదలైంది. నెలకోసారైనా వచ్చేవాడు. కొల్లాపూర్ బస్సు చూసినా ఛాతీ పట్టేసేది. ఎవరైనా జంగయ్య పేరెత్తితే కడుపులో దేవి బయటికి పరుగెత్తేవాడు. వచ్చినప్పుడల్లా ఆయన భార్య లింగమ్మ వెంట ఉండేది. ఈసారి ఎండాకాలానికి అతను నది ఒడ్డుకు పోలేకపోతే మందను అమ్మేయాలని ఇంట్లో అనుకుంటున్నారని ఆమే చెప్పింది. అల్లుడు అప్పుడే బేరగాణ్ని తెచ్చి చూపించాడట.

"గొర్లు పోతె ఈయనేం జేస్తడక్కా? పొద్దున లేసి ఎటు పోతడు?" అన్నది లింగమ్మ. "ఇంట్ల కుసోవెడితె నాకే దడ వస్తది."

నవ్వుతూనే అన్నది గానీ ఆమె కొంగు నలిగిపోయి ఉంది.

మాకు ఒక శిక్షణలో ఊపిరి సాధన నేర్పారు. అంకెలు లెక్కపెడుతూ పీల్చడం, అంకెలు లెక్కపెడుతూ వదలడం. మంచి పద్ధతే, చదువుకున్న పిల్లలకు బాగా పనిచేసేది. కుర్మన్నను కూర్చోబెట్టి నేర్పాను. లెక్క మొదలుపెట్టగానే ఆయన మొహం ఇంకా బిగుసుకుంది. ఎందుకో నాకర్థం కాలేదు. ఆయనే చెప్పాడు: "సిస్టరమ్మా, లెక్కవెడితెనే నాకు దడ. పొద్దూకి గొర్లను లెక్కవెడతం. ఒకటి తక్కువొస్తె గుండెల రాయి వడ్డట్టు ఉంటది. నువ్వు మల్ల గా లెక్కనే పెట్టమంటివి."

ఇద్దరం నవ్వుకున్నాం, పాఠం మాత్రం అక్కడే ఆగిపోయింది. ఒక మనిషికి నెమ్మదినిచ్చేది ఇంకో మనిషిని బెదరగొట్టొచ్చు. పుస్తకంలో ఉన్న మంచి పద్ధతిని అందరికీ ఒకే కొలతతో తొడగకండి.

ఈల

తర్వాత ఒకరోజు కుర్మన్న వచ్చినప్పుడు దవాఖాన ఆవరణలో నల్లా కింద ఎవరిదో ఆవు నీళ్లు తాగుతోంది. దాన్ని చూడగానే నాకు మా బాపు గుర్తొచ్చాడు. మా బాపు మొదట కూలి మనిషి. తర్వాత కౌలుకు భూమి చేస్తూ ఒక జత ఎడ్లను కట్టుకున్నాడు. సాయంత్రం వాటికి నీళ్లు పెట్టేటప్పుడు తొట్టి పక్కన నిలబడి సన్నగా, పొడుగ్గా ఈల వేసేవాడు. ఈల ఆగితే ఎడ్లు తలెత్తేవి, మళ్లీ మొదలుపెడితే దించేవి. పగలంతా పటేలు మాటలు పడి వచ్చిన మనిషి, ఆ ఈల అయ్యేసరికి మాతో మాట్లాడేలాగా అయ్యేవాడు. ఎడ్లకు నీళ్లు తాపుతున్నాడనుకునేదాన్ని. ఆయన కూడా అందులోనే సేద తీరేవాడని నాకు అప్పుడు తెలియదు.

కుర్మన్నను అడిగాను. "మందకు నీళ్లు తాపేటప్పుడు ఈల ఏస్తవా?"

"ఎయ్యకుంటె ఎట్ల? దూపైనా బెదురుకుంట నిలవడతయి కొన్ని. ఈల ఏస్తె నిమ్మలంగ తాగుతయి."

"ఏదీ, ఒకపారి వెయ్యి."

"దవాఖానల ఈల ఏస్తరా సిస్టరమ్మా?"

"నేను చెప్తున్న గదా, వెయ్యి."

సిగ్గుపడుతూనే పెదాలు కూర్చాడు. మొదట గాలే వచ్చింది. తర్వాత సన్నని ఈల, తెగకుండా, ఊపిరి అంతా అయిపోయేదాకా. ఆగి, మళ్లీ. మంచాల మీదివాళ్లు లేచి కూర్చున్నారు. సెక్యూరిటీ అతను కర్ర పట్టుకుని వచ్చి, సిస్టర్లను చూసి ఈల వేస్తున్నదెవరని గద్దించాడు. లింగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నేను కుర్మన్న నాడి పట్టుకుని ఉన్నాను. దాని పరుగు నా వేళ్ల కిందే మెల్లగా తగ్గింది. భుజాలు కిందికి దిగాయి.

"ఛాతి జర ఇడిసింది" అన్నాడు, నమ్మలేనట్టు.

ఇందులో మహిమ లేదు పిల్లలూ. లోపలికి తీసే ఊపిరి కంటే బయటికి వదిలే ఊపిరి పొడుగైతే గుండె వేగం తగ్గుతుంది. ఈల వేస్తే ఊపిరి తనంతట తానే పొడుగవుతుంది, లెక్కతో పని లేదు. పాట పాడినా అంతే. మా చర్చిలో ముసలమ్మలు ఏడుస్తూ వచ్చి, కీర్తన అయ్యేసరికి తేరుకోవడం చిన్నప్పటి నుంచి చూశాను. మనిషి దగ్గర ముందే ఉన్న అలవాటు ఏదో అడిగి తెలుసుకోండి. కొత్తది నేర్పడం కంటే అది సులువు.

ఈల ఒక్కటే చాలదు

ఇది రాయకపోతే నన్ను నాటువైద్యురాలు అనుకుంటారు. శ్రీకర్ సారు కుర్మన్నను జిల్లా దవాఖానలో మానసిక వైద్యుడి దగ్గరికి పంపాడు. "నన్ను పిచ్చోన్ని జేస్తున్రా?" అని కుర్మన్న అలిగాడు. బీపీ గోలీకి సిగ్గుపడవు, దీనికెందుకు సిగ్గు అని లింగమ్మే గదమాయించి తీసుకుపోయింది. అక్కడ గోలీలు రాశారు, మాట్లాడారు, జంగయ్య గురించి అడిగారు. తమ్ముడు పోయాక కుర్మన్న సరిగా ఏడవనే లేదట. మందను ఇంటికి చేర్చే హడావిడిలో ఏడ్చే తీరిక దొరకలేదు. అక్కడ ఏడ్చాడు.

ఒక మాట నిక్కచ్చిగా చెబుతాను. దడ పుట్టించే చోటికి పోకుండా ఉంటే ఆ రోజుకు హాయిగా ఉంటుంది, కానీ భయం ఇల్లు కట్టుకుంటుంది. నిద్రసూది వేసి పంపడం కూడా అలాంటిదే. మన డ్యూటీ తేలికవుతుంది, మనిషి వారం తిరిగేసరికి మళ్లీ వస్తాడు. డాక్టర్ చెప్పినట్టు లింగమ్మ భర్తను కొద్దికొద్దిగా ఆ దారి పట్టించింది. మొదట కొల్లాపూర్ బస్సు ఆగేచోట కూర్చుని చాయ తాగి రావడం. చాయ తగ్గించమన్నారని తర్వాత అది మజ్జిగైంది. ఆ తర్వాత బస్సెక్కి మధ్య ఊళ్లో దిగడం. దడ వస్తే పరుగెత్తి రాకుండా అక్కడే నిలబడి, అది తగ్గేదాకా ఈల వేయడం. చూసేవాళ్లు ఏమనుకుంటారని కుర్మన్న అంటే, "నన్ను జూసి ఏస్తున్నవనుకుంటరు, అనుకోనీ" అన్నదట లింగమ్మ. ఆ దంపతుల మీద నాకున్న ప్రేమ ఇంతా అంతా కాదు.

పల్లిచేను దాకా మాత్రం పోలేదు. అక్కడికి పోతే మందతోనే పోతానన్నాడు.

ఫోను

ఆ ఎండాకాలం మొదట్లోనే నా ఉద్యోగం అయిపోయింది. నకిరేకల్‌కు వచ్చేశాను. పొద్దున్నే డ్యూటీ వేళకు మెలకువ వచ్చేది, వెళ్లాల్సిన చోటు ఉండేది కాదు. గుండె కొట్టుకునేది, అరచేతులు చెమర్చేవి. ఇన్నేళ్లు ఎదుటివాళ్లకు చెప్పిన నాకు, అది ఏమిటో గుర్తుపట్టడానికి కొన్నాళ్లు పట్టింది. నేనూ ఈసీజీ తీయించుకున్నాను. బాగుంది. తర్వాత రోజూ చెట్లకు నీళ్లు పోస్తూ ఈల సాధన చేశాను. మా ఆయన పక్కింటివాళ్లకు సంజాయిషీ చెప్పుకోలేక అవస్థ పడ్డాడు.

అప్పుడే ఒక సాయంత్రం కుర్మన్న ఫోను వచ్చింది. వెనక గొర్రెల అరుపులు వినపడుతున్నాయి.

"కుర్మన్నా, యాడున్నవు?"

"నది కాడ ఉన్న సిస్టరమ్మా."

మందను అమ్మలేదు. తోలుకుపోయాడు. పల్లిచేను దగ్గరికి రాగానే ఛాతీ మళ్లీ బిగుసుకుందట. తమ్ముడు కూలబడ్డ గట్టు కనిపించిందట. కాళ్లు కదల్లేదు. వెనక్కి పోకుండా, కర్ర నేలకు ఆనించి, అక్కడే నిలబడి కళ్లు మూసుకుని ఈల వేశాడు.

"కండ్లు తెరిసి జూస్తె గొర్లన్ని నా సుట్టు నిలవడ్డయి సిస్టరమ్మా. ఈల ఇనంగనె నీళ్లనుకున్నయి. గొర్రెపిల్లలు సుత మూతులు నేలకు వెట్టి ఎతుకుతున్నయి. ఆడ నీళ్ల సుక్క లేదు, అంత ఎండిన చేను."

నేను నవ్వానో, ఏడ్చానో నాకే తెలియలేదు. "మరి ఏం జేసినవు?" అన్నాను.

"ఏం జేస్త? వాటికి ఈల ఏసి నీళ్లు సూపియ్యకుంటె అవద్దమాడినట్టు గాదా? మల్ల నా ఈల నమ్ముతయా అవి? గట్టు మీద మా జంగన్ని ఒకపారి తల్సుకున్న. తోలుకుంట నది దాంక నడిసిన. నడిసెటప్పుడు ఛాతి సంగతే యాది లేదు."

"ఇప్పుడు ఎట్లున్నది?"

"జర జర వస్తది. రానీ" అన్నాడు కుర్మన్న. "అవి నీళ్లల్ల మూతులు వెట్టినయి. నేను ఈల ఏసిన. కడుపునిండ తాగినయి. గప్పుడు నేను సుత వాటి పక్కన వంగి, దోసిలివట్టి తాగిన."